సున్నాగారి కుడికాలు

బస్సు మెట్టు ఎక్కేటప్పుడు అతను కుడికాలిని చూసుకుంటూ ఎక్కుతాడు. ఎడమకాలికి ఆ అవసరం లేదు, ఎక్కడ ఆనాలో దానికే తెలుసు. కుడికాలిని మాత్రం మెట్టు మీద పెట్టి, ఆనిందని కళ్ళతో నిర్ధారించుకుని, అప్పుడు బరువు మోపుతాడు. చూసేవాళ్ళకి వయసు మీదపడ్డ మనిషి జాగ్రత్తగా ఎక్కుతున్నట్టుంటుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి అలా ఎక్కితే ఎవరూ వింతగా చూడరు.

ఆ ఉదయం కూడా అలాగే ఎక్కాడు. డ్రైవరు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని, అద్దాలు సరిచూసుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద బోర్లించాడు. ఎదురుగా స్టీరింగు ఉంది, ముట్టుకోకూడదు. కాలి దగ్గర బ్రేకు ఉంది, అవసరమైతే తప్ప నొక్కకూడదు. ఆ అవసరం ఎప్పుడొస్తుందా అని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కాచుకుని ఉండటమే అతని ఉద్యోగం. పదహారు సీట్ల ఆ చిన్న బస్సు తనంతట తానే నడుస్తుంది, తనంతట తానే ఆగుతుంది. అలాంటివి ఆ కంపెనీకి అయిదున్నాయి. ఒక్కో బస్సులో ఒక్కో మనిషి. కాగితాల మీద వాళ్ళ హోదా భద్రతా పర్యవేక్షకులు. వాళ్ళు మాత్రం తమని కాపలావాళ్ళం అని చెప్పుకునేవారు. చేతులు ముడుచుకుని కూర్చోవడానికి జీతమా అని బంధువులు ఎగతాళి చేస్తే, ఒక్క పూట వచ్చి కూర్చుని చూడమనేవారు.

స్టీరింగు పక్కన అరచేయంత తెర ఒకటి ఉంటుంది. దాని మీద రెండు అంకెలు. పైది రోజుల లెక్క, కిందిది టచ్‌ల లెక్క. కాపలామనిషి బ్రేకు నొక్కినా, స్టీరింగు పట్టుకున్నా ఒక టచ్ పడ్డట్టు. అయిదు బస్సుల్లో ఏ ఒక్కటైనా ముప్పై రోజులు వరసగా ఒక్క టచ్ కూడా లేకుండా తిరిగితే, ఇక మనిషి అక్కర్లేదని కంపెనీ తేల్చేస్తుంది. అయిదింటికీ బుర్ర ఒకటే కాబట్టి అయిదు సీట్లూ ఒకేసారి తీసేస్తారు. మధ్యలో ఒక్క టచ్ పడితే ఆ బస్సు లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

ఈ నియమం పెట్టిన దగ్గర్నుంచీ ఆ ఊళ్ళో కుక్కలు ఎక్కువయ్యాయి. మిగతా నాలుగు బస్సులకీ ఇరవై రెండో రోజునో, ఇరవై అయిదో రోజునో తప్పకుండా ఒక కుక్క అడ్డం వచ్చేది. కాపలామనిషి గుండె గుభేలుమని బ్రేకు నొక్కేవాడు. తర్వాత కెమెరాలో వెతికితే కుక్కా ఉండేది కాదు, కుక్క తోకా ఉండేది కాదు. ఉందనుకున్నానండీ అనేవాడు. ఉందనుకుని నొక్కినా టచ్ టచ్చేనని నియమాల్లోనే రాసి ఉంది. అలా రెండేళ్ళుగా కుక్కల పుణ్యమా అని అయిదు సీట్లూ నిలబడ్డాయి.

అతని బస్సుకి మాత్రం కుక్కలు రాలేదు. మొదట్లో ఒకటి రెండు నిజమైన టచ్‌లు పడ్డాయి, ఈ అయిదు నెలల్లో అవీ లేవు. కొత్త ప్రోగ్రాము ఎక్కించినప్పుడల్లా అందరి లెక్కా మొదటికి వచ్చేది కాబట్టి ఇన్నాళ్ళూ గట్టెక్కారు. నెల కిందట ఎక్కించినదే ఇక ఆఖరిదన్నారు. ఆ ఉదయం అతని తెర మీద పైన ముప్పై, కింద సున్నా ఉన్నాయి. నెలల తరబడి కింద సున్నాయే ఉండటంతో షెడ్డులో అతనికి సున్నాగారు అనే పేరు స్థిరపడింది. ముక్కుసూటి మనిషి, కారణం లేకుండా బ్రేకు మీద కాలు వెయ్యడు అని అందరూ అనుకునేవారు. అందులో సగమే నిజం.

అద్దం మీద ఎవరో తట్టారు. రెండో నంబరు బస్సు కాపలామనిషి. ఒకప్పుడు పెట్రోలు ట్యాంకర్లు నడిపినవాడు. మీసాలు పెంచుతాడు కాబట్టి మీసం అంటారు.

“సున్నాగారూ, ఇవాళ కుక్క రావాలి.”

“చూద్దాం.”

“ఇరవై రెండో రోజూ చూద్దాం అన్నారు. ఇరవై ఏడో రోజూ చూద్దాం అన్నారు. ఇంకా చూడ్డానికి ఏం మిగిలింది చెప్పండి? సాయంత్రం ఆరింటికి అయిపోతుంది.”

“రోడ్డు మీద ఏముంటుందో ఇప్పుడే ఎలా చెప్తాం?”

“రోడ్డు మీద ఏమీ ఉండదు. కుక్కని మీరే తేవాలి” అని మీసం అద్దం మీద మరోసారి తట్టి, తన బస్సు వైపు వెళ్ళిపోయాడు. ఆరున్నరకి తెర ఒక్కసారి మెరిసింది. స్టీరింగు దానంతటదే పావు వంతు తిరిగి, బస్సు షెడ్డు దాటింది.

అతని కుడికాలికి ఒకప్పుడు మంచి పేరుండేది. ఇరవై ఏడేళ్ళు పెద్ద సిటీ బస్సు నడిపాడు. అతని డ్యూటీ అని తెలిస్తే నిలబడ్డవాళ్ళు కమ్మీ వదిలేసి సంచులు సర్దుకునేవారు. బస్సు ఎప్పుడు ఆగిందో తెలిసేది కాదు. ఈ విషయం అతనెప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు గానీ, ఎవరైనా చెబితే అక్కణ్ణుంచి తొందరగా కదిలేవాడు కాదు. నిద్రలో కూడా ఆ కాలు ఊరుకునేది కాదు, పరుపుని నొక్కుతూనే ఉండేది. నేను మంచం మీద పడుకున్నానా బస్సులో పడుకున్నానా అని భార్య సాధించేది. ఆవిడ ఇంట్లో కుట్టుమిషను మీద బడిపిల్లలకి యూనిఫారాలు కుడుతుంది. ఇద్దరూ పెడలు తొక్కి బతికినవాళ్ళే కాబట్టి ఆ సాధింపులో కోపం ఉండేది కాదు.

పన్నెండేళ్ళ షుగరు. అయిదు నెలల కిందట చిటికెనవేలి దగ్గర మొదలైంది. సాక్సు వేసుకోకపోయినా వేసుకున్నట్టుండేది. తర్వాత పాదం మధ్యకి వచ్చింది, తర్వాత మడమకి. నొప్పి లేదు, మంట లేదు. అసలేమీ లేకపోవడమే దాని జబ్బు. ఒకరోజు చెప్పు ఊడిపోయిన సంగతి తెలియకుండా వీధి మలుపు దాకా నడిచాడు. వెనకనుంచి భార్య ఆ చెప్పు పట్టుకుని వచ్చి అతని కాలి ముందు పెట్టింది. ఏదో ఆలోచనలో ఉన్నానన్నాడు. ఆవిడ ఊఁ అంది. ఆ తర్వాత పరుపు కదలడం గురించి ఆవిడ సాధించడం మానేసింది, కదలడం కూడా ఆగిపోయింది.

కంపెనీ డాక్టరు ఆరు నెలలకోసారి పరీక్ష చేస్తాడు. కళ్ళు మూసుకోమని పాదం మీద సూదిమొన ఆనించి, తెలుస్తోందా అని అడుగుతాడు. అతను కళ్ళు సగం మూసి డాక్టరు మొహం చూస్తూ కూర్చున్నాడు. గుచ్చేముందు డాక్టరు కనుబొమలు కొద్దిగా దగ్గరపడతాయి. పడగానే తెలుస్తోంది అన్నాడు. పది సార్లు గుచ్చితే పది సార్లూ సరిగ్గా చెప్పాడు. కుర్రాళ్ళకి కూడా ఇంత చురుగ్గా ఉండదని డాక్టరు మెచ్చుకున్నాడు.

ఎందుకలా చేశాడంటే అతని దగ్గర పెద్ద కారణమేమీ లేదు. ఇల్లు గడవక కాదు. ఆ సీటు పోతే ఇంట్లో కూర్చోవాలి, ఇంట్లో కుర్చీ ఎదురుగా గోడ ఉంది. ముప్పై ఏళ్ళు కదిలే అద్దం ముందు కూర్చున్నవాడికి ఆ గోడ తలుచుకుంటే భయం వేసింది. పోనీ కాలు పనిచెయ్యకపోతే మాత్రం ఏం, నడిపేది బస్సే కదా అని సర్దిచెప్పుకున్నాడు. దొంగ టచ్ వెయ్యకపోవడానికి కూడా అదే భయం. టచ్ పడితే కాలు ఎంత ఆలస్యంగా పడింది, ఎంత బరువుతో పడింది అన్నది గీతలు గీసి చూస్తారు. మిగతావాళ్ళు నిజాయితీ అనుకున్నదానికి లోపలి సంగతి ఇది.

ఆస్పత్రి, కోర్టు, కూరగాయల మార్కెట్టు, గోదాములు, స్టేషను, మళ్ళీ షెడ్డు. రోజుకి తొమ్మిది ట్రిప్పులు. అద్దం పైన ఉన్న కెమెరా రోడ్డుని చూడదు, అతని కళ్ళనే చూస్తుంది. చూపు మూడు సెకన్లు పక్కకి పోతే సీటు కింద సన్నగా అదురుతుంది. ప్రయాణికులతో మాట్లాడకూడదు. అయినా రోజూ ఎక్కేవాళ్ళు దిగేటప్పుడు వస్తామండీ అని చెప్పి దిగేవారు, అతను తల ఊపేవాడు. చేసింది బస్సు, తల ఊపింది తను అని ఒక్కోసారి సిగ్గుగా ఉండేది.

మొదటి సంవత్సరం ఆ బస్సు కొత్త కోడలిలా ఉండేది. రోడ్డు మీద కాగితం ఎగిరినా బెదిరి ఆగిపోయేది. ఇప్పుడలా కాదు. కోర్టు దగ్గర లాయర్లు చేతిలో కాగితాలు చదువుకుంటూ రోడ్డు దాటేస్తారని తెలుసుకుంది. వాళ్ళు అంచు మీదకి రాకముందే వేగం తగ్గించేది. ఎంత మెత్తగా అంటే, వెనక నిలబడ్డవాళ్ళు కమ్మీ వదిలేసి సంచులు సర్దుకునేవారు. అది అతను అద్దంలో చూశాడు. ఆ మాట షెడ్డులో ఎవరితోనూ అనలేదు.

మూడో ట్రిప్పులో స్టేషను దగ్గర ఒకామె తన కూతుర్ని కిటికీ పక్కన కూర్చోబెట్టుకుంది. అతనికి తన కూతురు గుర్తొచ్చింది. దాని పద్దెనిమిదో ఏట ఖాళీ మైదానంలో కారు నేర్పాలని చూశాడు. రెండు ఆదివారాలు వచ్చింది. మూడో ఆదివారం రాలేదు. “నాన్నా, ఇంకో పదేళ్ళకి ఎవరూ నడపరు. అప్పుడు నాకిదెందుకు?” అంది. ఇప్పుడది ఎక్కడికి వెళ్ళాలన్నా ఫోనులో పిలిస్తే ఖాళీ కారు వచ్చి గుమ్మం ముందు ఆగుతుంది. వెనక సీట్లో పడుకుని వెళ్తుంది. ఆ రోజు పిల్ల మాటకి అతనికి బాధ వేసింది. అది అన్నది నిజమైనందుకు ఇంకా ఎక్కువ వేసింది.

మధ్యాహ్నం షెడ్డులో తిండి గదిలో మీసం అతని ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఈసారి వేళాకోళం లేదు.

“అన్నా, నేను ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. నీకైతే రెండేళ్ళలో రిటైరుమెంటు. నాకు నలభై మూడు. నాకు తెలిసిన విద్య ఇదొక్కటే. ఇదీ పోయాక నన్నెవరు పిలుస్తారు?”

“ట్యాంకర్లు?”

“అవీ ఇలాంటివే అయిపోయాయి. ముందు వాటిలోంచే తీశారు మమ్మల్ని.” మీసం డబ్బా మూత పెట్టి పక్కకి జరిపాడు. “నిజాయితీ మంచిదే. కాదనట్లేదు. కానీ నీ నిజాయితీతో నలుగురి కడుపు కొట్టకు.”

నిజాయితీ అన్న మాట వినగానే అతను చేతిలో ముద్ద డబ్బాలో పెట్టేశాడు. నీళ్ళు తాగి, “సరే” అన్నాడు.

“ఏం సరే?”

“ఆఖరి ట్రిప్పులో. గోదాముల గోడ దగ్గర. అక్కడ ఎవరూ నిలబడి ఉండరు, మెల్లగా నొక్కుతా.”

మీసం అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు. గదిలో మిగతా ముగ్గురూ ఏమీ విననట్టు తింటున్నారు.

అన్నాడు గానీ, మెల్లగా నొక్కడం ఎలా అన్నది అతనికి తెలియలేదు. తినడం అయ్యాక బస్సు ఛార్జింగులో ఉండగా ఎక్కి కూర్చుని, ఆగి ఉన్న బస్సు బ్రేకు మీద కాలు పెట్టి చూసుకున్నాడు. బస్సు ఆగి ఉన్నప్పుడు నొక్కితే లెక్కలోకి రాదు. వంగి కాలిని చూస్తూ నొక్కితే పెడలు వేలెడు దిగింది. తల ఎత్తి రోడ్డు వైపు చూస్తూ నొక్కాడు. దిగిందో లేదో తెలియలేదు. మళ్ళీ వంగి చూస్తే అడుగు దాకా దిగి ఉంది. అలా ఏడెనిమిదిసార్లు చేశాడు. ఒకసారి దిగనే లేదు, కాలు పెడలు పక్కన నేలని నొక్కుతోంది. ఇరవై ఏడేళ్ళు పేరు తెచ్చిపెట్టిన కాలు అది. అతను దాని వైపు కాసేపు చూసి, బస్సు దిగి మొహం కడుక్కున్నాడు.

ఆఖరి ట్రిప్పు నాలుగున్నరకి. ఆస్పత్రి దగ్గర డ్యూటీ దిగిన నర్సు ఒకామె, ఎక్స్‌రే కవరు పట్టుకున్న ముసలాయన ఒకరు ఎక్కారు. మార్కెట్టు దగ్గర సంచులతో ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కారు. అందరూ కూర్చున్నారు. గోదాముల గోడ దాకా ఇంకా రెండు వందల గజాలుంది. ఎడమ పక్క సరుకు దింపే వ్యాన్లు వరసగా ఆగి ఉన్నాయి. అతను కుడికాలిని పెడలు మీదకి తెచ్చి ఉంచాడు. ఉంచానని అనుకున్నాడు. కిందికి చూస్తే కెమెరా ఊరుకోదు కాబట్టి చూడలేదు.

రెండు వ్యాన్ల మధ్యనుంచి ఒక పరుపు బయటికి వచ్చింది. పరుపు కింద మనిషి ఉన్నాడు. దాన్ని నడిమికి మడిచి నెత్తిన పెట్టుకుని రెండు చేతులతో పట్టుకోవడంతో ఆ మనిషి నడుము దాకా పరుపులోనే ఉన్నాడు. కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి, అవి ఆగకుండా రోడ్డు మీదకి వచ్చేస్తున్నాయి. అతను చూశాడు. నొక్కాలి అనుకున్నాడు. అనుకున్నాడు అన్నంతవరకు అతనికి గట్టిగా గుర్తుంది.

బస్సు ఆగింది. వెనక సంచిలోంచి ఏవో దొర్లాయి. నర్సు ముందు సీటు పట్టుకుంది. బస్సు ముక్కుకి మూరెడు దూరంలోంచి పరుపు నడిచి వెళ్ళిపోయింది. దాని కిందున్నవాడికి ఏం జరిగిందో తెలియనే లేదు. వేగం తగ్గించకుండా అవతలి సందులోకి మలుపు తిరిగాడు.

అతను అప్పుడు వంగి చూశాడు. పెడలు అడుగు దాకా దిగి ఉంది. దాని మీద అతని కాలు ఉంది. బస్సు తనంతట తాను బ్రేకు వేసినా పెడలు దిగుతుంది, కూర్చున్నవాడికి తెలియడానికి కంపెనీ అలా పెట్టింది. సీటు కింద అదిరింది. అతను తల ఎత్తేసరికి తెర మీద కింది అంకె పోయింది. సున్నా లేదు, ఒకటీ లేదు. ఆ చోట పసుపురంగు ప్రశ్నార్థకం వెలుగుతోంది. బస్సు మళ్ళీ బయల్దేరింది. గోదాముల గోడ దగ్గర అతను ఏమీ చెయ్యలేదు. చేతులు మోకాళ్ళకి అదిమి పెట్టుకుని కూర్చున్నాడు.

షెడ్డు పక్కనే ఆఫీసు గది. అందులో కూర్చునే అమ్మాయి బస్సులు రాసిన లెక్కలన్నీ చదువుతుంది, అందుకని లెక్కలమ్మాయి అంటారు. పాతికేళ్ళుంటాయి. కాపలావాళ్ళందరినీ బాబాయ్ అనే పిలుస్తుంది. కుక్కల సంగతి ఆమెకి పూర్తిగా తెలుసు. ఈ ఊరి కుక్కలకి క్యాలెండరు చూడటం వచ్చని ఒకసారి మీసంతోనే అంది. అతను వెళ్ళేసరికి తెర మీద రెండు గీతలు తీసి పెట్టుకుని ఉంది.

“కూర్చోండి బాబాయ్. ఇదిగో చూడండి. పెడలు మీద రెండు బరువులు పడ్డాయి. ఇది బస్సు లాగింది, ఇది మీ కాలు. రెండూ ఒకే క్షణంలో ఉన్నాయి. ఏది ముందో యంత్రం చెప్పలేకపోతోంది.”

అతను గీతల వైపు చూశాడు. ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి.

“ఇలాంటప్పుడు కాపలామనిషి మాటే ఆఖరు. నియమం అదే. మీరు నొక్కారా, అది దిగుతుంటే మీ కాలు కూడా దిగిందా? మీరు ఏది చెప్తే అది రాస్తాను. వేరేవాళ్ళని అడిగితే ఏం చెప్తారో నాకు తెలుసు. మీరు కాబట్టి అడుగుతున్నా.”

గాజు తలుపు అవతల మీసం నిలబడి ఉన్నాడు. లోపలి మాటలు వినపడవు గానీ విషయం అప్పటికే షెడ్డంతా పాకింది. మీసం తన గుండె మీద వేలు పెట్టుకుని చూపించాడు. నేనే అని చెప్పు, అంతే. రెండక్షరాలు. అది అబద్ధమని కూడా ఎవరూ అనలేరు, నిజమే అయి ఉండవచ్చు. అతను నోరు తెరిచాడు. పరుపు కింద నడిచిన ఆ రెండు కాళ్ళు మళ్ళీ కళ్ళముందుకి వచ్చాయి. ఆ క్షణంలో బస్సు ఆగి ఉండకపోతే దాన్ని ఆపడానికి ఆ సీట్లో ఎవరున్నారు? అయిదు నెలలుగా ఎవరున్నారు? ఈ ప్రశ్న ఇన్నాళ్ళూ అతను తనకు తాను వేసుకోలేదు.

“తెలీదమ్మా” అన్నాడు.

“అదేంటి బాబాయ్? నొక్కినవాళ్ళకి తెలీదా?”

“కాలికి తెలిస్తే నాకు తెలిసేది. దానికి తెలీదు.”

ఆమె అర్థం కాక చూస్తుంటే, అతను వంగి కుడి బూటు లేసు విప్పాడు. బూటు తీస్తుంటే లోపల ఏదో దొర్లింది. తలకిందులు చేసి అరచేతిలో దులిపాడు. కంకర రాయి. శనగగింజంత ఉంది, ఒక పక్క మొన తేలి ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి సాక్సు వైపు చూశాడు. పాదం మధ్య భాగంలో గుడ్డ ఎర్రగా తడిసి, అంచులు అప్పటికే ఎండి గట్టిపడ్డాయి.

లెక్కలమ్మాయి కుర్చీలోంచి లేచింది. “ఇదెప్పట్నుంచి ఉంది?”

“పొద్దున షెడ్డు ముందు కంకర మీద నడిచినప్పుడు దూరి ఉంటుంది. ఆరింటికి.”

“ఇప్పుడు అయిదున్నర.”

“అవును.”

“నొప్పి లేదా బాబాయ్?”

“ఉంటే అప్పుడే తీసేవాణ్ణిగా” అన్నాడు. తర్వాత, ఆమె అడగకుండానే, అయిదు నెలల సంగతి చెప్పాడు. డాక్టరు కనుబొమల సంగతి కూడా చెప్పాడు. “ఆ పరుపాయన్ని నేను ఆపానో, బస్సే ఆగిందో నాకు తెలీదు. తెలీనివాడు ఆ సీట్లో కూర్చుంటే ఎవరూ లేనట్టే.”

ఆమె గోడకున్న పెట్టెలోంచి దూదీ మందూ తెచ్చి ఇచ్చింది. అతను తుడుచుకుంటుంటే తెర మీద పాత నెలల లెక్కలు వెనక్కి తిప్పి చూసింది.

“అంటే అయిదు నెలలు ఆ బస్సు మనిషి లేకుండానే తిరిగిందన్నమాట” అంది నెమ్మదిగా.

“అంతే అనుకోవాలి.”

“ఈ మాట నేను పైకి రాస్తే రేపు పొద్దునకల్లా అయిదు సీట్లూ తీసేస్తారు.”

ఈ సంగతి అతనికి తట్టనే లేదు. దూది పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. తలుపు అవతల మీసం ఇంకా నిలబడే ఉన్నాడు, బూటు ఎందుకు విప్పాడో తెలియక మొహం అద్దానికి ఆనించి చూస్తున్నాడు.

“రాస్తావా?” అని అడిగాడు.

లెక్కలమ్మాయి కుర్చీ తెర వైపు జరుపుకుంది. కంప్యూటరులో ఒక కాగితం తెరిచి, పై నుంచి కింది దాకా చదివింది. “ఇందులో నన్నడిగింది ఒక్కటే బాబాయ్. కాపలామనిషి ఆ సీటుకి తగినవాడా కాదా అని. కాదు అని రాస్తున్నా. తగనివాడు కూర్చున్న రోజులు లెక్కలోకి రావు. రేపట్నుంచి మీ బస్సు మళ్ళీ ఒకటో రోజు. మిగతా సంగతి ఎవరూ అడగలేదు.”

“నా సీటు?”

“ఇంకొకాయన్ని వేస్తారు.”

“నా సీటు ఉంటుంది కదా?”

“సీటు ఉంటుంది. మీరుండరు.”

అతను తల ఊపాడు. బెల్టుకి తగిలించిన కార్డు తీసి ఆమెకి ఇచ్చాడు. బూటు కాలికి ఎక్కించుకునేటప్పుడు లోపల చెయ్యిపెట్టి తడిమి చూసుకున్నాడు. సంతకం పెట్టి లేచి, ఆ పిల్లకి ఏదో చెప్పాలనుకుని, ఏం చెప్పాలో తోచక, “వస్తానమ్మా” అన్నాడు.

బయట మీసం అతని భుజాలు రెండూ పట్టుకున్నాడు. రేపు ఒకటో రోజట అన్న కబురు అప్పటికే బస్సు తెర మీదకి వచ్చేసింది. “అమ్మో, ఏమో అనుకున్నాం గానీ అన్నా, ఎవరూ తేలేనంత పెద్ద కుక్కని తెచ్చావు. ఆ రాయి ఎప్పుడేసుకున్నావ్ బూటులో? ఆ పిల్ల మొహం చూడాల్సింది.” మిగతావాళ్ళు కూడా చుట్టూ చేరి నవ్వారు. అతని తెలివికి వాళ్ళకి ముచ్చటేసింది. అతను కాదనలేదు. చెప్పినా ఎవరూ నమ్మే స్థితిలో లేరు. ఒక్క మీసానికి మాత్రం నవ్వుతూ నవ్వుతూ ఏదో అనుమానం వచ్చినట్టుంది. కిందికి, అతని బూటు వైపు చూశాడు. చూసి, నవ్వడం ఆపేశాడు.

“ఇంటిదాకా దింపుతా రా” అన్నాడు.

“నువ్వెక్కడ దింపుతావు, బస్సే దింపుతుంది” అన్నాడు అతను. ఆ రోజు అతను వేసిన జోకు అదొక్కటే.

రెండో నంబరు బస్సులో వెనక నుంచి మూడో సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. ప్రయాణికుల సీట్లో కూర్చుని వెళ్ళడం ఎప్పుడు జరిగిందో గుర్తు రాలేదు. భార్యకి ఫోను చేశాడు. అవతల మిషను చప్పుడు ఆగింది.

“ఇవాళ్టితో అయిపోయింది” అన్నాడు.

“కాలేనా?” అంది ఆవిడ.

“ఊఁ.”

 “రండి, వేణ్ణీళ్ళు పెడతాను. కాదులెండి, చన్నీళ్ళే పెడతాను” అంది. వేడి తెలియని కాలికి వేణ్ణీళ్ళు పోయకూడదని అంతకుముందే ఎవర్నో అడిగి తెలుసుకుని ఉంటుంది. అతనికి కళ్ళు చెమర్చాయి. ఫోను జేబులో పెట్టుకుని బయటికి చూశాడు. బస్సు కోర్టు దగ్గర వేగం తగ్గించింది. ఇద్దరు లాయర్లు కాగితాల్లో మొహాలు పెట్టుకుని దాటారు. ఇంటి వీధి మొదట్లో దిగుతూ అతను మెట్టు మీద కుడికాలు ఎక్కడ పడుతోందో చూసుకున్నాడు. ముందు సీట్లోంచి మీసం అద్దంలో అతన్నే చూస్తున్నాడు, సీటు కింద అదురుతున్నా చూపు తిప్పుకోలేదు.

మర్నాడు ఆరున్నరకి ఆ బస్సులో కొత్త మనిషి కూర్చున్నాడు. పొట్టివాడు కావడంతో సీటు నాలుగు వేళ్ళు ముందుకి జరుపుకున్నాడు. తెర మీద పైన ఒకటి, కింద సున్నా. స్టీరింగు పావు వంతు తిరిగి, బస్సు షెడ్డు దాటింది.

ఆఫీసు గది ఊడవడానికి వచ్చినామె బల్ల తుడుస్తూ, “ఇదేంటమ్మా, పారెయ్యనా?” అని అడిగింది. లెక్కలమ్మాయి తెర మీద నుంచి తల తిప్పకుండానే ఉండనివ్వమంది. ఆమె దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, కింద తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టింది. కాగితం ఎగరకుండా ఆపే బరువు కూడా లేని ఆ కంకర రాయి, మొన దగ్గర నల్లగా ఎండిన మరకతో, కంప్యూటరు పక్కన అలాగే ఉంది.